తడిక వెనకవైపు

దొరాయ్ చేతులు దొరాయ్‌వి కావు. ఈ మాట ఎవరో గిట్టనివాళ్ళు అన్నది కాదు, కన్నతల్లే అనేది. చేపల బండి దగ్గర, చర్చి మెట్ల మీద, పక్కింటి అరుగు మీద బింగో ఆడుతూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సేరియా మామ్మ ఒకటే పాట పాడేది. "పిల్ల నాదే. చేతులు మాత్రం ఇసిద్రో స్వామివి. ఇచ్చేశాను." అలా అంటూ కూతురి మణికట్లు పట్టుకుని, సంతలో వంకాయలు తిరగేసి చూపించినట్టు, ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూపించేది. దొరాయ్‌కి ఏడేళ్ళప్పుడూ చూపించింది, యాభై ఐదేళ్ళప్పుడూ చూపించింది.

మే నెల పండగకి మా ఊళ్ళో ఇంటింటా కిపింగ్ చేస్తారు. బియ్యప్పిండి జావలో రంగు కలిపి, వెడల్పాటి ఆకుల మీద పూసి, ఆవిరి పట్టి, ఆరాక ఒలిస్తే ఈనెలతో సహా ఆకు అచ్చు దిగుతుంది. ఆ రంగు రేకుల్నే గుత్తులు గుత్తులుగా ఇళ్ళ ముందు కడతారు. ఆరేళ్ళ దొరాయ్ పొయ్యి మీద చిక్కబడుతున్న జావ గిన్నెని దించబోయి రెండు చేతుల మీదా ఒలకబోసుకుంది. జావ నీళ్ళలా జారిపోదు కదా, పట్టుకుంది. పుళ్ళు మానేసరికి వేళ్ళు పీత కాళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. చెంచా పట్టుకోలేదు, గుండీ పెట్టుకోలేదు. తల్లి ఏం చేస్తుంది? చర్చికి పోయి, రైతుల పునీతుడు ఇసిద్రో ముందు కూలబడి మొక్కుకుంది. ఈ వేళ్ళు చాపుకోనీ స్వామీ, ఈ చేతులు నీకిచ్చేస్తాను, నీ ఊరేగింపు మా వీధికొచ్చినప్పుడల్లా మా ఇంటి ముఖం ఇవే అలంకరిస్తాయి, నా ఒంట్లో ఊపిరున్నంతవరకూ ఇంకెవరి కోసమూ పనిచెయ్యవు అని.

ఏడాది తిరిగేసరికి వేళ్ళు చాపుకున్నాయి. జిల్లా ఆసుపత్రి నర్సు రోజూ పూటపూటా రబ్బరు బంతి పిసికించిన సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

మొక్కు తీర్చడానికి మామ్మ ఒక చట్టం కూడా రాసిపెట్టుకుంది, మనసులోనే. "కడుపు కోసం చేసే పని చేసుకోవచ్చు. కళ్ళ కోసం చేసే పని స్వామికే." అందుకని దొరాయ్ నార టోపీలు అల్లొచ్చు, అవి అమ్మితేనే ఇల్లు గడిచేది. టోపీ అంచుకి ఒక ఎర్ర పోగు కలిపితే మాత్రం తప్పు. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి కలిపింది. తల్లి గడపలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూనే ఆ పోగంతా ఊడబీకి, ఉండ చుట్టి, కూతురి చేతిలో పెట్టింది. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. కొట్టినా బాగుండేదని దొరాయ్ ఇప్పటికీ అనుకుంటుంది.

స్వామి పని అయినా తనివితీరా చెయ్యనిస్తే ఒక దారి. అదీ లేదు. ఊళ్ళో నాలుగు వీధులు, ఊరేగింపు ఏడాదికొక వీధి, అంటే ఒక వీధికి వంతు నాలుగేళ్ళకోసారి. ఆ నాలుగేళ్ళకోసారి కట్టే బొమ్మ కూడా మొదటి ఏడు తల్లి దగ్గరుండి కట్టించిందే. నిలువెత్తు తడికలు ఆరు, మేడమీది కిటికీలకి అడ్డంగా వేలాడదీసేవి. మధ్యలో స్వామి మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంటాడు, ఆయన బదులు దేవదూత నాగలి పడతాడు, ముందు దున్నపోతు, పైన సూర్యుడు, అటూ ఇటూ వరి పనలు. స్వామి చొక్కాకి నీలం కిపింగ్, సూర్యుడికి పసుపు. "మొదటి ఏడు ఎలా పెట్టామో అలాగే. మొక్కు మొక్కే" అనేది మామ్మ. ఒక వంతులో దొరాయ్ దున్నపోతు తల కాస్త పక్కకి తిప్పింది, ఈగ వాలితే తిప్పినట్టు. తల్లి నిచ్చెన తెప్పించి, ఎక్కి, ఆ తల మళ్ళీ తిన్నగా పెట్టించాక గానీ అన్నం తినలేదు.

పదిహేడేళ్ళప్పుడు బడిలో బొమ్మలు నేర్పే బిబియానా టీచరు, దొరాయ్ నోటుపుస్తకం అట్ట మీద అంటించిన చిత్తు కాగితాల బొమ్మ ఒకటి చూసి, చెప్పాపెట్టకుండా మనీలాలో ఒక కాలేజీకి పంపింది. సీటు వచ్చింది. ఆ కబురుతో టీచరు ఇంటికొస్తే మామ్మ బెల్లం కాఫీ ఇచ్చింది, ఆకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం సుమాన్ పెట్టింది, అంతా ఓపిగ్గా వింది.

"అయితే టీచర్ గారూ, సీటు ఇచ్చింది దీనికా, దీని చేతులకా?"

"చేతులకే అనుకోండి" అని నవ్వింది పాపం టీచరు.

"అలాగైతే వాటి సొంతదారుని అడగాలి కదా. పదండి."

ముగ్గురూ చర్చికి వెళ్ళారు. మామ్మ స్వామి విగ్రహం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, కాలేజీ పేరుతో సహా విషయమంతా విన్నవించింది. అరగంట నిలబడ్డారు. కొవ్వొత్తులు కరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఏమీ అన్లేదు కదా" అంది మామ్మ టీచరు వైపు తిరిగి. "ఇక పదండి, ఎండెక్కుతోంది."

మీరంటారు, అంత కాళ్ళూ చేతులూ ఉన్న పిల్ల బస్సెక్కి పోలేకపోయిందా అని. పోవాలనే అనుకుంది. రహస్యంగా మనీలా బస్సుకి టికెట్ కూడా కొనుక్కుంది. ఆ పొద్దున లేచేసరికి కుడిచేతి వేళ్ళు కాస్త బిగుసుకుని ఉన్నాయి, బహుశా చెయ్యి ఒంటికింద పెట్టుకుని పడుకుందేమో. అంతే. ఆ పీత కాళ్ళని ఆమె మర్చిపోలేదు. బస్సు దాని దారిన అది పోయింది. నాకు మొక్కుల మీద పెద్ద నమ్మకం లేదు, అయినా దొరాయ్‌ని నేను తప్పుపట్టను. ఆరేళ్ళప్పుడు పట్టుకున్న భయం అంత తేలిగ్గా వదలదు.

ఆ ఏడు మా వీధి వంతు కాదు. వెనకింట్లో మూలనున్న తడికలు దులుపుతూ దొరాయ్ ఒకదాన్ని బోర్లించింది. వెనకవైపు ఖాళీ వెదురు. అటువైపు ఎప్పుడూ ఇంటి గోడకే ఆనుకుని ఉంటుంది, ఎవరి కంటా పడదు. కళ్ళ కోసం కాని పని చట్టంలోకి రాదు కదా అనుకుందో, ఒళ్ళు మండే చేసిందో, బస్సు టికెట్‌ని జిగురుతో ఆ వెదురు మీద అంటించింది. చుట్టూ విరిగిపోయిన కిపింగ్ ముక్కలు పేర్చింది. అలా మొదలైంది.

అప్పటినుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మధ్యాహ్నం భోజనమయ్యాక మామ్మ గంటన్నర నిద్రపోతుంది, గురక కూడా పెడుతుంది. ఆ గంటన్నరే దొరాయ్‌ది. వెనకింట్లో గోడకి చేర్చిన తడికల్లో ఒకటి తిప్పుకుని కూర్చునేది. చేతికి దొరికిందల్లా దానికి సామానే. మాడిన అన్నం పెచ్చులు, నార తుక్కు, అమ్మ మందుబిళ్ళల వెండి రేకులు, కరెంటు బిల్లులు, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు, పగిలిన కొవ్వొత్తి గాజులు. చేపలమ్మే లోలెంగ్ దగ్గర పొలుసులు అడిగి తెచ్చుకునేది. "ఏం చేసుకుంటావే పొలుసులు? పులుసు పెడతావా?" అని లోలెంగ్ వేళాకోళం చేస్తే "మొక్కలకి ఎరువు" అనేది. ఆ ఇంట్లో ఉన్నవి రెండే మొక్కలు, రెండూ చచ్చినవే.

టికెట్ తడిక మీద బస్సు తయారైంది, కిటికీల్లో ముఖాల బదులు సీసా మూతలు. ఒకదాని మీద మాడు పెచ్చులతో రెండు ముడుచుకున్న చేతులు. ఒకదాని మీద మా వీధి, కిటికీలోంచి ఆమెకి కనబడినట్టు. ఏ ఇంటిని ఆ ఇంటి తుక్కుతోనే కట్టింది. లోలెంగ్ ఇంటి కప్పు పొలుసులు, రొట్టెల కొట్టుకి మైదా సంచి గుడ్డ, వెదురు పని చేసే పియాన్ ఇంటికి అతను చెక్కి పారేసిన వెదురు బెరడు. అన్నిటికన్నా పెద్దది అమ్మ. నోరు తెరుచుకుని నిద్రపోతున్న అమ్మ, ఒంటికి ఆమె పాత గౌను గుడ్డే, తుంటి దగ్గర ఆమె ఎక్స్‌రే ఫిల్ము.

పండగ రోజు జనమంతా వీధిలో నిలబడి ముందువైపు చూసేవాళ్ళు. తల్లి గడప ముందు కుర్చీ వేసుకుని మెప్పులు అందుకునేది. దొరాయ్ మేడమీదికి పోయి, తడికలు అడ్డుపడిన కిటికీల ముందు ఒక్కతే నిలబడేది. వెదురు సందుల్లోంచి ఎండ పడి పొలుసులు మెరిసేవి, ఎక్స్‌రే ఫిల్ములో అమ్మ ఎముకలు వెలిగేవి. చూసేది తనే, మెచ్చుకునేది తనే. మొదటి రెండు మూడు వంతులు అది చాలనిపించింది. తర్వాత చాలలేదు. రోజంతా నోరు కట్టుకుని కూర్చున్నట్టుండేది. ఒక్కరు చూస్తే చాలు, ఒక్కరు, బాగుందో బాగాలేదో అనక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు అని ఆమె లోలోపల దేవురించేది. పియాన్‌కి చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పియాన్‌కి తెలిస్తే అతని పెళ్ళానికి తెలుస్తుంది, ఆవిడకి తెలిస్తే అమ్మకి తెలిసినట్టే. మింగేసింది.

కరోనా ఏడు మా వీధి వంతుని మింగేసింది. ఊరేగింపు లేదు, వంతు దాటిపోయింది, మళ్ళీ నాలుగేళ్ళు ఆగాల్సిందే. మొత్తం ఎనిమిదేళ్ళు. ఈలోగా మామ్మకి ఎనభై నాలుగు వచ్చాయి, శుక్లాలు ముదిరి చూపు పోయింది. ఇప్పుడు కిపింగ్‌ని వేళ్ళతో తడిమి సరి చూస్తుంది, పని మాత్రం ముందుకన్నా గట్టిగా చూస్తుంది. దొరాయ్‌కి పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. వేణ్ణీళ్ళలో ముంచి పెట్టుకుంటే గానీ సాగవు.

"నీళ్ళెందుకే కాస్తున్నావ్ ఇంత పొద్దున్నే?" అని మంచం మీంచే అరుపు.

"కాఫీకమ్మా."

"కాఫీ వాసన రావట్లేదే?"

ఎనిమిదేళ్ళ గంటన్నరలన్నీ ఆ తడికల వెనక పడ్డాయి. ఒక పొర మీద ఇంకో పొర, బెత్తెడు మందం. ఈ మేలో పియాన్ తడికలు ఎక్కించడానికి వచ్చి, మొదటిది ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

"ఇదేంటక్కా? తడికా, పెంకుటిల్లా?"

"ఎనిమిదేళ్ళ జిగురురా. ఎత్తు ఎత్తు."

"ఈ తాళ్ళు ఆగవు. లావువి తెస్తాను. కిందకి దించి, వెనక నుంచి రెండు చుట్లు వేసి కట్టాలి."

వెనక నుంచి అనేసరికి దొరాయ్ తడికకి అడ్డం వచ్చి నిలబడింది. "ఇన్నేళ్ళూ ఆగలేదేంటి? పైనుంచే కట్టు. వెనక వైపు నేను గోనెసంచి కుట్టాను, చెద పట్టకుండా. దాన్ని కదిలించకు." గోనెసంచి నిజంగానే కుట్టింది, పలచగా, పురికొసతో. ఎక్కించాక లోపలి నుంచి విప్పేసుకోవచ్చని.

"నీ ఇష్టం. పడితే నన్ననకు" అన్నాడు పియాన్. కట్టాడు.

పండగ తెల్లవారింది. వీధి వీధంతా రంగులే. గుమ్మడికాయలు, కాకరకాయలు, అరటి గెలలు, బొబ్బర్ల దండలు, ఒక ఇంటికైతే ఏకంగా సాసేజీల తోరణం. బాజాలతో ఊరేగింపు వచ్చింది. స్వామి పల్లకీ మామ్మ ఇంటి ముందు ఆగింది. చర్చి గురువు గారు పవిత్ర జలం చల్లారు. "నలభై ఎనిమిదేళ్ళుగా ఒక్క రేకైనా మారలేదు, ఇదీ మొక్కంటే" అన్నారు జనం వైపు తిరిగి. మామ్మ ముఖం వెలిగిపోయింది. మేడమీద కిటికీ వెనక దొరాయ్ గోనెసంచులు విప్పి, చివరి తడిక ముందు నిలబడి ఉంది. కింద చప్పట్లు దేనికో ఆమెకి తెలుసు. అవి తనకి తగల్లేదు.

స్వామి ఇల్లు దాటగానే పీకుడు మొదలవుతుంది. అది మా ఊరి ఆచారం. పల్లకీ వెనక కర్ర నాలుగిళ్ళు దాటిందో లేదో, జనం ఎగబడి అలంకారం పీక్కుపోతారు. ఎవరికందింది వాళ్ళది, ఇంటివాళ్ళు అడ్డం చెప్పకూడదు. కాయలు కూరకి, కిపింగ్ నూనెలో వేయించుకోడానికి. దొరాయ్ నెలల తరబడి చేసిన సూర్యుణ్ణి సాయంత్రానికి పిల్లలు కరకరలాడిస్తారు. ఆ రోజూ ఎగబడ్డారు. ఎనిమిదేళ్ళ ఆకలి కదా, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మరీ లాగారు. నీలం చొక్కా పోయింది, నాగలి పోయింది, వరి పన ఒకటి ఊడిరాక నలుగురు కలిసి ఒక్క ఊపు ఊపారు.

తాళ్ళు పటపటమని తెగాయి. "తప్పుకోండ్రోయ్!" అని పియాన్ కేక వేశాడు. జనం చెదిరారు. నిలువెత్తు తడిక గాల్లో ఒకసారి తూలి, వీధి మధ్యలో బోర్లా పడింది. స్వామి బొమ్మ కిందికి, వెనకవైపు పైకి.

దొరాయ్ కిటికీలోంచి చూసింది. ఇన్నేళ్ళూ తడిక అడ్డంగా ఉన్న చోట ఇప్పుడు తెరిచిన ఆకాశం, కింద వందమంది, వాళ్ళ మధ్య వెల్లకిలా పడున్న అమ్మ బొమ్మ. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది.

పీకుడు రోజున మా వీధిలో నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఆ రోజు విన్నాం. చేతుల్లో కాకరకాయలతో, బొబ్బర్ల దండలతో ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"ఏంటి? ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా? మాట్లాడరేం?" అని మామ్మ కుర్చీలోంచి కేకలు.

మొదట నోరు తెరిచింది లోలెంగే. నోరు మూసుకోవడం దానికి ఎప్పుడు చేతనైంది గనక. "మామ్మా! ఇక్కడ నువ్వున్నావే! నోరు తెరుచుకుని నిద్రపోతున్నావ్!"

ఒక్కసారిగా నవ్వులు. మరుక్షణంలో అందరూ వంగి చూడటం మొదలుపెట్టారు. "ఆ గౌను చూడు, మా అబ్బాయి బాప్తిస్మానికి వేసుకొచ్చిందే." "ఇది ఎక్స్‌రే అర్రా!" ఎవరో పైకి చూసి, "మిగతావాటి వెనక కూడా ఉన్నట్టుంది!" అన్నారు. పియాన్ నిచ్చెనేసి ఒక్కొక్కటీ దించాడు, తిప్పాడు, గోడకి ఆనించాడు. తిప్పిన ప్రతిసారీ తల పైకెత్తి దొరాయ్ వైపు ఒకసారి చూశాడు. వీధి తడిక దగ్గర తోపులాటైంది. ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారు. రొట్టెల కొట్టాయన సంచి గుడ్డ మీద తన కొట్టు ముద్ర చూసుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నా పొలుసులు! ఎరువంది దొంగముండ! నా ఇంటి కప్పు చూడండ్రా ఎలా మెరుస్తోందో!" అని లోలెంగ్ గంతులేసింది.

దొరాయ్ మెట్లు దిగి వచ్చింది. ఎలా దిగిందో ఆమెకే గుర్తులేదు. జనం దారిచ్చారు. లోలెంగ్ పొలుసుల కప్పు మీద వేలు ఆనించి, "దొరాయ్, ఇది తీసుకోనా?" అంది.

చూశారా, అడిగింది. నలభై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి ముందువైపు పీక్కుపోయిన జనం, ఏనాడూ ఒక్క మాట అడగని జనం, వెనకవైపు తీసుకోడానికి అడిగారు. దొరాయ్‌కి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "తీసుకో అక్కా" అంది. "ఇది?" "తీసుకోండి." "మా కొట్టు?" "మీదే కదా, తీసుకోండి." ఒకామె సీసా మూతల ముఖాల్లో తన మొగుడిలాంటిది ఒకటుందని ఏరుకుంది. అడిగినవాళ్ళకల్లా దొరాయ్ తనే చాకుతో జాగ్రత్తగా ఒలిచి ఇచ్చింది, ఇది ఎక్కడిదో, ఎప్పుడు అంటించిందో చెప్తూ. ఆమె అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. జీవితంలో అంత సంతోషం ఆమెకి మళ్ళీ రాలేదు, ముందూ లేదు. పియాన్ మాత్రం బస్సు దగ్గర గొంతుక్కూర్చుని, "ఈ టికెట్ తీసుకోనా అక్కా?" అన్నాడు.

"అదొక్కటీ తప్ప" అంది. టికెట్ ఒలిచి గౌను జేబులో వేసుకుంది.

"నన్నెవరైనా అక్కడికి తీసుకెళ్తారా లేదా?" అని మామ్మ కర్ర నేలకేసి కొట్టింది.

తీసుకెళ్ళారు. మామ్మ వంగి, తన బొమ్మని తనే తడిమింది. గుడ్డని రెండు వేళ్ళతో నలిపి గుర్తుపట్టింది. ఎక్స్‌రే ఫిల్మును గీరింది. తెరిచిన నోట్లో వేలు పెట్టి చూసింది. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేడేళ్ళప్పటి నుంచమ్మా."

"నేను నిద్రపోతుంటే."

"ఊఁ."

"చేతులివ్వు."

దొరాయ్ ఇచ్చింది. ముసలావిడ ఒక్కొక్క వేలూ పట్టుకుని, మొదట్నుంచి కొసదాకా సాగదీసి చూసింది. బొటనవేలు. చూపుడువేలు. పది వేళ్ళు. పొద్దున వేణ్ణీళ్ళలో ముంచినవే, తిన్నగా ఉన్నాయి. వదిలేస్తుంది, ఇప్పుడు ఈ చేతులు వదిలేస్తుంది అనుకుంది. వీధి వీధంతా అదే అనుకుంది. నేనూ అనుకున్నాను.

"మొక్కు తప్పావు" అంది మామ్మ నెమ్మదిగా. "తప్పితే ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ముడుచుకోలేదు. అంటే ఏంటి?"

జవాబు తనే చెప్పింది.

"అంటే ఇది కూడా ఆయన కోసమే చేశావన్నమాట. నీకు తెలీదు. ఆయనకి తెలుసు." ఆమె గుడ్డి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నిజం సంతోషం అది, అబద్ధమాడితే కళ్ళు పోతాయి. బాజాలు వినబడుతున్న మలుపు వైపు తిరిగి, కర్ర పైకెత్తి, ఆ వయసులో అంత గొంతు ఎక్కడిదో, కేక పెట్టింది. "స్వామీ! ఇసిద్రో స్వామీ! వెనకవైపు కూడా నీదే! విన్నావా? ఇచ్చేశాను!"

జనం చప్పట్లు కొట్టారు. ఈల వేశారు. లోలెంగ్ అయితే ఏడ్చేసింది. వెర్రి జనం, వాళ్ళకేం తెలుసు. మామ్మ కూతురి మణికట్లు ఇంకా వదల్లేదు.

"మళ్ళీ వంతుకి రెండు వైపులా పెట్టాలే. ఇదే బొమ్మ. ఇదే గుడ్డ, ఇవే పొలుసులు. ఒక్క పోగు మారకూడదు. నా నోరు కూడా ఇలాగే తెరిచుండాలి. మొక్కు మొక్కే."

ఆ క్షణంలో దొరాయ్‌కి తల్లి పీక పట్టుకోవాలనిపించింది, ఆ చేతులతోనే. మర్నాడు ఈ మాట తనే నాతో అంది. కానీ చేసిందేమిటంటే, ముసలావిడ తలకి కట్టిన గుడ్డ జారితే సరిచేసింది. ఎండలో నిలబడి చాలాసేపైంది, పడిపోతుందేమోనని నడుం చుట్టూ చెయ్యి వేసి కుర్చీ దాకా నడిపించింది.

వారం తర్వాత పియాన్ కొత్త వెదురుతో వచ్చాడు. పాత తడికలు రెండు వైపులా ఖాళీ అయిపోయి ఎముకల్లా మిగిలాయి. వసారాలో మామ్మ కూర్చుని, వచ్చినవాళ్ళకి కూతురి చేతుల కథ కొత్త ముగింపుతో చెబుతోంది. పియాన్ వెదురు దించి, దొరాయ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మ నన్ను పిలిపించి చెప్పింది. ఈసారి గోడకి ఆనించకూడదట. వీధి మధ్యలో వేలాడదీస్తే జనం చుట్టూ తిరిగి రెండు వైపులా చూస్తారట. ఆరు తడికలు చాలు కదా?"

"పన్నెండు" అంది దొరాయ్.

"పన్నెండెందుకు?"

"రెండేసి తడికలు వీపుకి వీపు పెట్టి కట్టు. మధ్యలో బెత్తెడు చోటు వదులు. అంచులు బిగించకు, నేను కుట్టుకుంటాను."

పియాన్ వెదురు బెరడు గీరుతూ ఉండిపోయాడు. వసారాలోంచి మామ్మ గొంతు ఖంగున వినబడుతోంది. దొరాయ్ చెయ్యి గౌను జేబులో ఉంది, టికెట్ మీద.

"మరి తాళ్ళక్కా?"

"లావువి తే" అంది దొరాయ్. "ఈసారి బరువెక్కువ."